నీళ్ళకో తలుపు

బ్రాండెస్ వాళ్ళ ఇల్లు ఆ మధ్యాహ్నం గాలిలో ఉంది.

మాటవరసకి అంటున్నది కాదు. మర తిప్పి ఎత్తే మూడువందల జాకీల మీద, నేలకి ఎనిమిది అడుగుల ఎత్తున, రెండు బురుజులతో, రంగుటద్దాల కిటికీలతో, చెక్కలో చెక్కిన లేసు అంచులతో సహా ఇల్లంతా లేచి నిలబడి ఉంది. కిటికీ తెరలు మెల్లగా ఊగుతున్నాయి. పొగగొట్టంలోంచి వంట పొగ వస్తోంది. ముందు మెట్లు మాత్రం ఇంటితో పాటు పైకి రాలేదు. ఎవరినీ ఎక్కడికీ చేర్చని తొమ్మిది మెట్లు కింద ఇసుకలో ఒంటరిగా ఉండిపోయాయి.

హెస్టర్ మల్లోయ్ గౌను అంచు ఓ చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంటి నుంచి ఇంటికి వేసిన పలకల బాట మీద నడుచుకుంటూ వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి గడియారం చూసుకుంది. ఒంటిగంటా పది.

నాలుగింటికి ఇసుక తోడే ఓడ, డ్రెజ్జర్, కూత వేస్తుంది. సముద్రం అడుగున తోడిన ఇసుకా నీళ్ళూ గొట్టంలోంచి ఈ వీధిలోకి వచ్చి పడతాయి. నీళ్ళు ముందు ఇంటి నేల దాకా వస్తాయి, తరవాత ఇంకిపోయి ఇసుక మిగులుతుంది. రేపు పొద్దుటికి ఆ ఇంటి కింద ఉన్నదంతా, పాత పునాదీ, పాత మెట్లూ, సోమవారం ఉదయం ప్యాట్ డూలన్ చచ్చిపడి ఉన్న చోటూ, ఇక ఎవరికీ కనబడదు. మళ్ళీ తుఫాను వస్తే తట్టుకోవాలని గాల్వెస్టన్ ఊరు ఊరంతా ఇట్లా తన కింద తాను ఇసుక పోసుకుంటోంది. ఆరేళ్ళ కిందటి తుఫానులో ఊళ్ళో సగం కొట్టుకుపోయింది. హెస్టర్ నడిపిన బోర్డింగ్ హౌస్ పోయింది. ఆమె భర్త పోయాడు. అప్పటినుంచి ఆమె జనాన్ని ప్రశ్నలడిగి బతుకుతోంది. ఇరవై ఏళ్ళు బోర్డింగ్ హౌస్ నడపడమూ, ఈ పరిశోధనా ఒకటే పనని ఆమె అభిప్రాయం. రెండింట్లోనూ ఎవరు ఎన్నింటికి లేచారో, ఎవరి బూట్లకి ఏ మట్టి అంటిందో కనిపెట్టి ఉండాలి.

ఆమెను పిలిపించింది ఇల్లు ఎత్తే మేస్త్రీ డూలన్ భార్య నోరా. "మా ఆయనకి ఆ పెద్దాయన గీత అంటే దేవుడి మాటేనమ్మా," అందావిడ, ఏడ్చీ ఏడ్చీ ఎండిపోయిన గొంతుతో. "వెస్ట్‌కాట్ దిమ్మె ఉందని గీస్తే అక్కడ దిమ్మె ఉంటుంది అనేవాడు. ఇప్పుడా గీతే ఆయన్ని చంపిందంటే నేనెట్లా నమ్మేది?"

గీత గీసింది హైరమ్ వెస్ట్‌కాట్. ఇరవై ఏళ్ళ కిందట ఈ ఇల్లు కట్టిన వాస్తుశిల్పి. ఇప్పుడాయనకి డెబ్భై రెండు. ఈశాన్యం మూల తను గీసిన ఇటుక దిమ్మె సరైన లోతులో లేదనీ, దాన్ని నమ్మి పెట్టిన జాకీ కుంగి ఇల్లు రెండంగుళాలు ఒరిగిందనీ, దూలం జారి డూలన్ గుండెల మీద పడిందనీ రాసిన కాయితం ఆయన ముందు పెట్టారు. నాలుగింటిలోపు సంతకం పడితే బీమా కంపెనీ చేతులు దులుపుకుంటుంది, ముసలాయన జైలుకి పోతాడు.

భోజనాల గదిలో ఆయన ఆలిచిప్పల పులుసు ముందు కూర్చుని ఉన్నాడు. చెంచా చేతిలోనే ఉంది. రంగుటద్దాల్లోంచి పడుతున్న ఎరుపూ నీలమూ కాయితం మీద మెల్లగా జరుగుతుంటే చూస్తున్నాడు. ఎదురుగా బీమా కంపెనీ పంపిన డిటెక్టివ్ ఫ్రాంక్ పెటిగ్రూ కలం మూత తీసి పట్టుకుని ఉన్నాడు.

"వచ్చారా బోర్డింగ్ హౌస్ అమ్మగారూ," అన్నాడు పెటిగ్రూ లేవకుండానే. "పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూసి వెళ్ళండి. ఇక్కడ ఇంకో పనేం మిగల్లేదు."

"ఆయన పులుసు చల్లారిపోయింది పెటిగ్రూ. ఎంతసేపట్నించి తిననివ్వకుండా కూర్చోబెట్టారు?"

"పదకొండు నుంచి. ఒక్క సంతకానికి. ఎప్పుడడిగినా అదే మాట."

"ఏం మాట?"

వెస్ట్‌కాట్ తల ఎత్తాడు. కళ్ళు తేటగా ఉన్నాయి గానీ ఆ చూపు ఈ గదిలో లేదు. "నీళ్ళకో తలుపు పెట్టానమ్మా," అన్నాడు. "ఎవరూ నమ్మరు. నీళ్ళు వీధి తలుపులోంచి వస్తే ఇంటికి కోపం. నేలలోంచి రానిస్తే చుట్టంలా వచ్చి వెళ్ళిపోతాయి. వాళ్ళకి చెప్పాను. ఇద్దరుండాలి, ఒక్కడే అయితే చెయ్యొద్దని చెప్పాను. ఒకడు దిగాలి. ఒకడు పైన గడియ దగ్గర ఉండాలి." చెంచా కింద పెట్టాడు. "దిగినవాడు పైకొచ్చాడా?"

"చూశారుగా," అన్నాడు పెటిగ్రూ. "మతి పోయింది. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పి సంతకం పెట్టించుకుంటాను."

"మతి లేనివాడి సంతకం కోర్టులో చెల్లదు. మతి ఉంటే ఆయన మాట వినాలి. ఏది కావాలో మీరే తేల్చుకోండి."

పెటిగ్రూ కలం మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. "నాలుగు," అన్నాడు.

గుమ్మంలో గుస్టావ్ బ్రాండెస్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. పొడగరి, చక్కగా దువ్విన గడ్డం. హెస్టర్‌ని చూడగానే రెండు చేతులూ చాచాడు. "మా ఏడో మెట్టు మిసెస్ మల్లోయ్. ఈ ఇంట్లోకి మీరు ప్రశ్నలతో రావాలా? చుట్టంలా రాకూడదూ?"

అవును, ఏడో మెట్టే. తుఫాను రాత్రి ఈ ఇంటి లోపలి మేడమెట్ల మీద నలభై ముగ్గురు తలదాచుకున్నారు. నీళ్ళు నాలుగో మెట్టు దాకా వచ్చాయి. అక్కడ గుస్టావ్ ఇప్పుడు ఇత్తడి బద్ద కొట్టించాడు. ఏడో మెట్టు హెస్టర్‌ది. ఎనిమిదో మెట్టు మీద ఒటీలియా. అప్పటికామె గుస్టావ్ తమ్ముడు ఎమిల్‌కి కాబోయే భార్య. ఎమిల్ ఆ సాయంత్రం వీధి చివర ఎవరో పిల్లల్ని తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఏడాది తరవాత ఒటీలియా గుస్టావ్‌ని చేసుకుంది. ఊళ్ళో ఎవరూ తప్పుపట్టలేదు. అంతమందిని బతికించిన మనిషిని చేసుకుంటే తప్పేమిటి?

హాల్లో గోడకి అద్దాల పెట్టెలో గొడ్డలి వేలాడుతోంది. ఆ రాత్రి ఊళ్ళో నిలిచిన ఇళ్ళలో చాలావాటికి నేలలో గొడ్డలి కన్నం ఉంటుంది. నీళ్ళని లోపలికి రానివ్వకపోతే ఇల్లు పడవలా తేలి పునాది మీంచి లేచిపోతుంది. అందుకని తివాచీ లాగేసి, నగిషీ నేలని తన చేత్తో తనే నరికిన యజమానులు ఈ ఊళ్ళో ఎంతోమంది. గుస్టావ్ పేరు మాత్రం అందరికంటే పైన ఉండేది.

హెస్టర్ ఏడో మెట్టు మీద చెయ్యి వేసింది. చెక్క వెచ్చగా ఉంది. దీపం వెలుగు, బయట పెరుగుతున్న నల్లటి నీళ్ళు, ముందుగది మూసిన తలుపు వెనక నుంచి దెబ్బలు. మూడు. కాస్త ఆగి, మూడు. ఒటీలియా తన భుజం పట్టుకుని, "గుస్టావ్ నేల కొడుతున్నాడు, ఇక భయంలేదు," అంటోంది. ఆ దెబ్బలు వింటూ హెస్టర్ ఆ రాత్రి దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

"ఆ రోజు ఎన్ని దెబ్బలు కొట్టారు గుస్టావ్?" అని అడిగింది, ఏదో గుర్తుచేసుకుంటున్నదానిలా.

"నలభై పైనే. ఊపిరి తీసుకోకుండా కొట్టాను. చేతులు బొబ్బలెక్కాయి." ఎన్నోసార్లు చెప్పిన కథలో మాటలు వాటంతటవే వచ్చాయి. "ఇవ్వాళ మీక్కావలసింది అది కాదుగా."

"కాదు. సోమవారం కావాలి."

"సోమవారం ఐదున్నరకి డూలన్ కిందికి దిగాడు, పనివాళ్ళు రాకముందు జాకీలు చూసుకుందామని. రోజూ చేసేదే. నేను పక్క మీదే ఉన్నాను. ఆరుకి పది నిమిషాలుందనగా పెద్ద కుదుపు. మంచం మీంచి కింద పడ్డంత పనయింది. లేచి దీపం చూస్తే ఊగుతోంది. ఏడింటికి పనివాళ్ళు వచ్చి చూస్తే మేస్త్రీ పోయాడు."

"కుదుపు ఒక్కటేనా?"

"ఒక్కటే. ఫిరంగి పేలినట్టు."

హెస్టర్ తల ఊపి వంటింటి వైపు నడిచింది. అద్దాల పెట్టెలో గొడ్డలి పక్కగా వెళుతూ ఒక్క క్షణం ఆగింది. చిన్న గొడ్డలి. పొయ్యిలోకి కట్టెలు చీల్చుకునేది.

ఒటీలియా కాఫీ గింజలు మరలో వేసి తిప్పుతోంది. ముప్ఫై దాటని మనిషి. ఎప్పుడూ ఏదో చప్పుడు వింటున్నట్టు తల ఒక పక్కకి వంచి ఉంటుంది.

"సోమవారం పొద్దున ఎన్నింటికి లేచావమ్మా?"

"ఐదింటికి. నాకు నిద్ర తక్కువ."

"ఇల్లు ఒరిగినప్పుడు ఎక్కడున్నావు?"

"ఇక్కడే. పొయ్యి మీద పాలు." ఒటీలియా మర తిప్పడం ఆపింది. "తమాషాగా అనిపించింది. పాల మీద మీగడ ఒక పక్కకి జరిగింది. గిన్నె వాలుగా పెట్టానేమో అనుకుని తిప్పి పెట్టాను. మళ్ళీ జరిగింది. మళ్ళీ తిప్పాను. కింద చెక్కముక్క కూడా పెట్టాను. ఎవరో పళ్ళేన్ని మెల్లగా వంచుతున్నట్టు."

"కుదుపు రాలేదూ?"

"వస్తే పాలు పొంగిపోయేవి కదండీ. పొయ్యి తుడుచుకోవాల్సి వచ్చేది." కాస్త ఆలోచించింది. "తుడవలేదు."

"ఎంతసేపు?"

"కాఫీ దిగేంతసేపు. పది నిమిషాలేమో."

హెస్టర్ గొంతు మార్చకుండా అడిగింది. "అప్పుడు గుస్టావ్ ఇంకా పడుకునే ఉన్నాడా?"

"పడుకున్నాడనే అనుకున్నాను. కాఫీ కప్పు తీసుకెళ్ళి చూస్తే లేడు. తరవాత వెనక వరండాలోంచి వచ్చాడు. చేతులు కడుక్కుంటానని వేణ్ణీళ్ళడిగాడు." అని మళ్ళీ మర తిప్పసాగింది. ఆ తరవాతే, తనన్న మాట తనకే వినిపించినట్టు, నెమ్మదిగా మర ఆగిపోయింది.

హెస్టర్ ఆమె చెయ్యి ఒకసారి నొక్కి, పెటిగ్రూని పిలుచుకుని కిందికి దిగింది.

రెండున్నర. పలకల బాట మీంచి నేలకి ఒకటే నిచ్చెన. ఇంటి కింద చల్లగా, నీలంగా ఉంది. దుంగల దొంతరలు వరసలు వరసలుగా, వాటి మీద జాకీలు, జాకీల మీద ఇల్లు. పైన ఎవరో గదిలో నడుస్తుంటే అడుగుల చప్పుడు తలమీద ఆకాశంలోంచి వచ్చినట్టుంది. తన బతుకులో ఎప్పుడూ ఇంత పెద్దదాని కింద నిలబడలేదనిపించింది హెస్టర్‌కి. ఇల్లు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉండుండి చెక్క కిర్రుమంటోంది.

"కలలు తరవాత కనొచ్చు," అన్నాడు పెటిగ్రూ. "ఈశాన్యం మూల అదిగో. జాకీ కుంగింది. ఇల్లు ఒరిగింది. చిన్నపిల్లలకీ కనిపిస్తోంది."

"జాకీ కుంగితే కింద పరిచిన పలక కుంగాలి." హెస్టర్ వంగి, సంచీలోంచి కుట్టుపని వేలితొడుగు తీసి, పలక మీద అడ్డంగా పెట్టింది. అది దొర్లలేదు. "పలక చదరంగా ఉంది. దాని అంచున ఇసుక కూడా పగల్లేదు. కింద వెస్ట్‌కాట్ గీసిన దిమ్మె ఎక్కడుండాలో అక్కడే ఉంది."

"అయితే ఇల్లు ఎందుకు ఒరిగింది?"

"ఈ సుద్దగీతలు చూశారా? ఈల ఊదగానే అందరూ ఒక్కసారి తిప్పుతారు. ఒక చుట్టు పూర్తయితే ఎవడి జాకీ పక్కన వాడు ఒక గీత గీస్తాడు. కింద దుంగలు ఆఖరిసారి పేర్చినప్పటినుంచి మిగతా జాకీలకి ఎన్ని గీతలున్నాయి?"

పెటిగ్రూ లెక్కపెట్టాడు. ముప్ఫైరెండు. పక్కదానికీ ముప్ఫైరెండు. ఈశాన్యం మూలదానికీ ముప్ఫైరెండే.

"ఇప్పుడు బయటికి వచ్చిన మరచుట్లు లెక్కపెట్టండి."

పక్క జాకీకి ముప్ఫైరెండు. ఈశాన్యం జాకీకి ఇరవయ్యారు. పెటిగ్రూ రెండోసారి లెక్కపెట్టాడు. మూడోసారి వేలితో తాకుతూ లెక్కపెట్టాడు.

"ఎవరో ఆరు చుట్లు వెనక్కి దించారు," అంది హెస్టర్. "నెమ్మదిగా, పది నిమిషాలు. పైన పొయ్యి మీద మీగడ జరిగినంత నెమ్మదిగా. ఎత్తడానికి మగవాడి బలం కావాలి. దించడానికి అక్కర్లేదు, ఇంటి బరువే సాయం చేస్తుంది."

"డూలనే దించి ఉండొచ్చు."

"కింద పడుకుని, తన గుండెల మీదికి తనే దించుకున్నాడా? ఎవరో ముందు అతన్ని తెలివి తప్పించి పడుకోబెట్టారు."

పెటిగ్రూ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "సరే. ముసలాయన సంతకం ఆపుతాను. నాలుగు దాకానే. నాలుగింటికి నా కాయితంలో ఒక పేరు ఉండాలి. ఎవరు దించారో, ఎందుకు దించారో చెప్పండి. లేకపోతే ఉన్న పేరే ఉంటుంది."

"నన్నిక్కడ వదిలి వెళ్ళండి. ఆయనకి పులుసు వేడి చేయించి పెట్టించండి."

"మీరు నాకు ఆర్డర్లు వేస్తున్నారా?"

"అవును."

అతను గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కి వెళ్ళిపోయాడు. రెండూ ఏభై.

ఇంటి పాత పునాది చుట్టూ ఛాతీ ఎత్తున ఇటుక గోడ ఉంది. ఇల్లు నేల మీద ఉన్నప్పుడు దాని కింది ఖాళీని చుట్టూ మూసి ఉంచిన గోడ. పనివాళ్ళు దూలాలు దూర్చడానికి ఒకచోట పగలగొట్టారు. హెస్టర్ ఆ సందులోంచి లోపలికి వెళ్ళింది. గోడకి చుట్టూ ఎనిమిది కన్నాలున్నాయి, చెయ్యి పట్టేంత. ఒక్కోదానికి ఇనుప పలక, దాన్ని పక్కకి జరపడానికి లోపలివైపు పిడి. బయట ఏమీ లేదు. లోపల మనిషి ఉంటేనే తెరుచుకుంటాయి.

ఐదు తెరిచి ఉన్నాయి. మూడు మూసి ఉన్నాయి.

తెరిచినవాటి గాడుల్లో ఒండ్రుమట్టి గట్టిపడి, రాయిలా ఉంది. వేలిగోరుతో గీకి చూసింది. తుఫాను తెచ్చిన మట్టే. ఈ ఊరి ఆడవాళ్ళందరూ నెలల తరబడి కడిగి కడిగి చేతుల తోలు పోగొట్టుకున్న బూడిదరంగు మట్టి. అంటే ఆ ఐదూ నీళ్ళు రాకముందే తెరిచారు. తరవాత ఎవరూ ముట్టుకోలేదు.

నీళ్ళకో తలుపు పెట్టానమ్మా. ఒకడు దిగాలి.

ముందుగది కిందికి వచ్చి పైకి చూసింది. పాత నేల పలకల మధ్య కొత్త పైన్ చెక్కతో వేసిన అతుకు. గొడ్డలి కన్నం పూడ్చిన చోటు. దుంగల దొంతర ఎక్కింది. నలభై ఆరేళ్ళ మోకాళ్ళు వద్దని చెప్పాయి, ఆమె వినలేదు. పై దుంగ మీద వెల్లకిలా పడుకుంటే ముఖానికి జానెడు దూరంలో ఇంటి నేల. పలకల అడుగంతా ఒండ్రుతో బూడిదరంగులో ఉంది. నరికిన అంచులు మాత్రం తేనెరంగులో, శుభ్రంగా ఉన్నాయి. వాటి మీద ఒక్క మరక లేదు.

నీళ్ళు ఉన్నప్పుడు నరికి ఉంటే అంచులకీ మట్టి పట్టాలి. ఈ కన్నం నీళ్ళు పోయాక కొట్టారు.

అతుకు పక్కనే పెద్ద దూలానికి తుప్పు పట్టిన బందు ఒకటి మిగిలిపోయింది, తలుపుకి బిగించేలాంటిది. దాని చుట్టూ నీలం సుద్దతో గుండ్రంగా గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. నీలం సుద్ద మేస్త్రీది. ప్యాట్ డూలన్ ఇది చూశాడు. చూసి, ఇంటి యజమానిని అమాయకంగా అడిగి ఉంటాడు. ఏమండీ, ఇక్కడ తలుపుండేదా? నరికి ఎందుకు తీసేశారు?

ఆ సమాధానం కోసమే అతను సోమవారం ఐదున్నరకి దిగాడేమో.

హెస్టర్ ఇంకాస్త ముందుకి జరిగింది. బందు ఉన్న దూలం అడుగున నొక్కులున్నాయి. గొడ్డలివి కావు. గుండ్రటి ఇనుప కడ్డీతో కింది నుంచి పైకి పొడిచినట్టు, అరచేయి మేర చోటులో ఒకదాని మీద ఒకటి. తలలోంచి పిన్ను తీసి ఒక నొక్కులో తిప్పింది. బూడిదరంగు మట్టి పొడిపొడిగా ఆమె చెంప మీద రాలింది.

నరుకుడు నీళ్ళు పోయాక. నొక్కులు నీళ్ళు రాకముందు.

ఆమె అట్లాగే పడుకుని ఉండిపోయింది. పైన ఎవరో మెల్లగా నడుస్తున్నారు. ఎక్కడో కప్పు సాసరులో పెట్టిన చప్పుడు. ఆ చప్పుళ్ళ కింద ఇంకో చప్పుడు, ఆరేళ్ళనాటిది, నెమ్మదిగా పైకి తేలింది. మూడు. కాస్త ఆగి, మూడు. నరికేవాడు అట్లా ఆగడు. నలభై దెబ్బలు ఊపిరి తీసుకోకుండా కొడతాడు. మూడు కొట్టి ఆగేవాడు, పైనవాళ్ళు విన్నారేమోనని ఆగుతాడు.

ఎమిల్ వీధిలోకి వెళ్ళలేదు. ఐదు ఇనుప పలకలు జరిపాడు, ఆరోదాని దగ్గరికి వెళుతుండగా పైన గుస్టావ్ చేతిలో ఉన్న నేల తలుపుకి గడియ పడింది. కన్నాల్లో చెయ్యి పడుతుంది, మనిషి పట్టడు. నీళ్ళు ఆ ఐదు కన్నాల్లోంచి వస్తూనే ఉన్నాయి. నలభై ముగ్గురు మెట్ల మీద కూర్చుని ఆ దెబ్బలు విన్నారు. ఈ ఊళ్ళో ఆ రాత్రి నేలలోంచి దెబ్బలు వినిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? నేల కొడుతున్నారు, బతికిపోయాం అనుకుంటారు. అట్లాగే అనుకున్నారు. హెస్టర్ దణ్ణం పెట్టుకుంది. ఒటీలియా, తన ఎమిల్ పిలుస్తుంటే, గుస్టావ్ పేరు చెప్పి ఇక భయంలేదంది.

ఆ తరవాత గుస్టావ్ తడిసిన చేతులతో, గొడ్డలితో ముందుగదిలోంచి బయటికి వచ్చాడు. నీళ్ళ అడుగున కన్నం ఉందో లేదో ఎవరు చూస్తారు? అందరూ అతని చేతులు ముద్దు పెట్టుకున్నారు. నీళ్ళు పోయాక ఆ తలుపుని నరికి తీసేసి, కింద ఉన్నవాణ్ణి వీధిలోని వందల శవాల్లో కలిపేసి ఉంటాడు.

హెస్టర్ పిన్ను తలలో గుచ్చుకుంది. దిగాలి. పెటిగ్రూ చేతిలో పేరు పెట్టాలి. పైన కూర్చున్న పెద్దాయనకి చెప్పాలి, మీ మతికేం కాలేదు, మీ గీత ఒక్కటీ తప్పలేదు, మీరు వేసిన ప్రశ్న ఒక్కటే సరైన ప్రశ్న అని. దొంతర సగం దిగింది.

దూరంగా కూత.

గడియారం చూసింది. మూడూ ఇరవై.

మొదట ఏదో గాలి లాంటి చప్పుడు, తరవాత వీధి చివర నుంచి బూడిదరంగు నాలుక ఒకటి ఇసుక మీద పాకుతూ వచ్చింది. పాత మెట్ల చుట్టూ తిరిగింది. ఇటుక గోడ సందులోంచి లోపలికి వచ్చి ఆమె దిగబోయే నేలని మెత్తగా కప్పేసింది. తెరిచి ఉన్న ఐదు కన్నాల్లోంచి ఐదు ధారలు మొదలయ్యాయి.

నలభై నిమిషాలు ముందే. ఈ వీధికి ఇసుక ఎప్పుడు తోలాలో డ్రెజ్జర్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేది ఇంటి యజమానే. కింద మనుషులెవరూ లేరని ఆయన చెబితే చాలు.

హెస్టర్ గోడ మీదుగా నిచ్చెన వైపు చూసింది. నిచ్చెన అక్కడ లేదు. దాని రెండు కాళ్ళు ఇసుకలో పెట్టిన గుంటలు మాత్రం ఉన్నాయి. చూస్తుండగానే వాటిలోకి నీళ్ళు వచ్చాయి.

గట్టిగా పిలిచింది. గొట్టం హోరులో ఆ కేక ఇటుక గోడ దాటి పోలేదు. ఈ ఇసుక బురదలో అడుగు పెడితే మోకాలు దాకా, రెండో అడుగుకి నడుం దాకా దిగబడుతుంది. ఆ సంగతి ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. మళ్ళీ దొంతర ఎక్కింది. పై దుంగ మీద జాకీ తిప్పే ఇనుప కడ్డీ ఒకటి వదిలేసి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుంది. వెల్లకిలా పడుకుని, పాత నొక్కుల పక్కన, బందు ఉన్న దూలానికి కొట్టింది.

మూడు.

ఆగింది. విన్నది. పైన అడుగులు నిలిచిపోయాయి.

మూడు.

కింద నీళ్ళు దొంతర నాలుగో దుంగ దాకా వచ్చాయి. హెస్టర్ ఇంకో మూడు కొట్టి, కడ్డీ గుండెల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

పైన కుర్చీ పడిన చప్పుడు. పరుగు. బరువైన తివాచీని ఎవరో ఒంటరిగా, ఆగి ఆగి లాగుతున్నారు. తరవాత కొత్త పైన్ చెక్కకి అవతల, సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా, మోకాళ్ళు నేలకి ఆనాయి. అరచేతులు ఆనాయి. చెక్కల సందులోంచి ఒక గొంతు, కాఫీ వాసనతో సహా, కిందికి దిగింది.

"ఎమిల్?" అంది ఒటీలియా.

ఆ వెనకే తొందర లేని బూట్ల చప్పుడు గదిలోకి వచ్చి, ముందుగది తలుపు మెల్లగా మూసుకుంది. లోపలివైపు నుంచి గడియ పడింది.